తోటి విశ్వాసి కోసం ఏం అడుగుదాం?

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంట కూడిక జరిగినా, వాక్యం అయ్యాక అయ్యగారు "ప్రార్థన అవసరతలు చెప్పండమ్మా" అంటారు. ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. అమ్మకు షుగరు తగ్గాలి. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం రావాలి. అమ్మాయికి సంబంధం కుదరాలి. కౌలుకు వేసిన మిరపకు నల్లతామర పట్టింది. పెద్దాయన ఒకరు లేచి ఆ పేర్లన్నీ వరుసగా ఎత్తి, దీవించమని అడిగి ముగిస్తారు. అందరం ఆమేన్ అంటాం.

ఇవన్నీ అడగవలసినవే. ఏనాటి ఆహారం ఆనాడు అడుక్కోమని నేర్పింది ప్రభువే. కానీ ఏళ్ల తరబడి మన పక్కన కూర్చున్న సహోదరుడి గురించి దేవుడి దగ్గర మనం చెప్పగలిగింది అతని బీపీ, అతని బాకీ మాత్రమే అయితే, అతని లోపలి మనిషిని మనం ఇంకా పట్టించుకోలేదన్నమాట. లేఖనం చేతపట్టుకుని ప్రార్థించడం అలవాటైతే ఆ కొరత తీరుతుంది. ఎదుటివాడికి మేలు జరగడమే కాదు, ప్రార్థించేవాడి మనసూ పెద్దదవుతుంది.

పౌలు అడిగినవి

ఎఫెసీ, ఫిలిప్పీ, కొలొస్సయి సంఘాలకు రాసిన పత్రికలు పౌలు బంధకాల్లో ఉండి రాసినవి. వాటిని చదివినవాళ్లకు కష్టాలు లేక కాదు. వాళ్లలో దాసులు ఉన్నారు. ఫిలిప్పీ నుంచి వచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. అయినా పౌలు వాళ్ల కోసం ఏం అడిగాడో చూడండి.

ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో, వాళ్లు దేవుణ్ణి ఇంకా బాగా ఎరగాలని, లోపలి కళ్లు తెరుచుకోవాలని అడిగాడు. మూడో అధ్యాయంలో, అంతరంగంలో బలపడాలని, క్రీస్తు ప్రేమ ఎంత విశాలమో గ్రహించాలని అడిగాడు. ఫిలిప్పీవారి కోసం, వాళ్ల ప్రేమ తెలివితో, వివేకంతో కలిసి పెరగాలని అడిగాడు. కొలొస్సయివారి కోసం అడిగినవి దేవుని చిత్తం తెలియడం, దానికి తగిన నడత, ఓర్పు, సంతోషం, కృతజ్ఞత. వారిలో చాలామంది ఆయన ముఖమైనా చూడనివారు. వారి సంగతి ఎపఫ్రా చెబితే విన్నాడు. విన్ననాటి నుంచి వాళ్ల కోసం ప్రార్థన మానలేదు. అడగడానికి ముందు, వాళ్లలో కనిపించిన మంచికి దేవునికి వందనాలు చెప్పాడు.

పేతురు విషయంలో యేసు ప్రార్థన కూడా ఇలాంటిదే. శోధన తప్పించమని ఆయన అడగలేదు, ఆ శోధనలో అతని నమ్మకం తప్పిపోకూడదని అడిగాడు. కష్టం తీరమని అడగడం ప్రేమే. కష్టంలో మనిషి చెడిపోకుండా నిలబడాలని అడగడం ఇంకా లోతైన ప్రేమ.

మన మెట్టలో పుట్టిన మొర

ఈ లోతు మన నేలకు కొత్తది కాదు. నందిగామ దగ్గరి రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండేవాడు. సజీవుడైన దేవుడొకడు ఉన్నాడని వినడమే తప్ప, అతను అప్పటికి మిషనరీని చూడలేదు. అయినా, ఆ గొప్ప దేవుడెవరో, ఎక్కడున్నాడో తనకు కనిపించమని మొరపెట్టుకునేవాడు. మచిలీపట్నంలో 1841లో పని మొదలుపెట్టిన చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టి.వై. డార్లింగ్‌ను బెజవాడలో కలుసుకుని, 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తనవాళ్లకు సువార్త చెప్పాడు. అప్పటి కృష్ణా జిల్లా మెట్ట పల్లెల్లో సంఘాలు లేవడం వెనక అతని సాక్ష్యం ఉంది.

ఊరి చివర వాడలో బతికే మనిషికి ఆ రోజుల్లో కొరతలు తక్కువేం కాదు. అయినా అతని మొరలో అన్నిటికన్నా ముందు నిలిచింది దేవుణ్ణి తెలుసుకోవాలనే ఆకలి. ఎఫెసీవారి కోసం పౌలు అడిగిందీ అదే. మన సంఘాల వేరు ఆ ఆకలిలో ఉంది. దాన్నే ఇప్పుడు ఒకరి కోసం ఒకరం అడుగుదాం.

ఒక్క మనిషి, ఒక్క భాగం

పది పేర్లు ఒక్క ఊపులో చెప్పేకన్నా ఒక్క పేరు, ఒక్క భాగం పెట్టుకోండి. కొలొస్సయి మొదటి అధ్యాయం 9 నుంచి 12 వరకు వచనాలు తీసుకుందాం. కల్లంలో కాయ ఆరబోసి గుంటూరు యార్డు ధర కోసం ఎదురుచూస్తున్న కౌలురైతు మన సహోదరుడు అనుకుందాం. మంచి ధర రావాలని అడగండి. అక్కడితో ఆపకుండా వచనం వెంట నడవండి.

"తండ్రీ, కష్టాల్లో కూడా ఆదివారం మానని ఈ సహోదరుణ్ణి బట్టి నీకు వందనాలు. కాయ ఇప్పుడే అమ్మాలో, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలో, వచ్చే ఏడు మళ్లీ కౌలుకు దిగాలో నీ చిత్తం తెలియజెయ్యి. చేతిలో డబ్బు ఆడకపోయినా కోత కూలీల రూపాయి ఎగవేయకుండా, మంచి కాయలో తాలు కలపకుండా నీకు తగినట్టు నడిపించు. అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడిన రోజున ఆ కోపం భార్యాపిల్లల మీదికి మళ్లకుండా ఓర్పునివ్వు. ధర వచ్చినా రాకపోయినా నీవు తోడున్నావన్న సంతోషం అతని ఇంట్లో ఆరిపోనివ్వకు."

ఇలా అడగాలంటే అతని బతుకు కొంచెమైనా తెలియాలి. అందుకే వచ్చే ఆదివారం "అన్నా, ఏం నిర్ణయించుకున్నారు?" అని అడుగుతారు. కాయ ఆరకముందే వాన దిగితే పట్టా కప్పడానికి కల్లం దగ్గరికి పరుగెత్తుతారు. ఆకలిగా ఉన్నవాడికి మంచిమాట చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబు నిలదీసింది ఇందుకే. వాక్యంతో చేసిన ప్రార్థన కాళ్లను కదిలిస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

ప్రార్థన పేరుతో ఎదుటివారి ఇంటి గుట్టు కూడికలో పెట్టకండి. వాళ్లు చెప్పమన్నంతే చెప్పండి, మిగతాది మీ గదిలో దేవునికి చెప్పండి. అలాగే, "ప్రభువా, ఈ తమ్ముడి గర్వం అణచు" అని పదిమందిలో పైకి అనడం ప్రార్థన కాదు, దెప్పిపొడుపు. వచనాన్ని ముందు మన మీద పెట్టుకుని, తర్వాతే అతని కోసం అడగాలి.

గొడవపడిన మనిషిని వదిలెయ్యకండి. తనను మాటలతో గాయపరిచిన స్నేహితుల కోసమే యోబు ప్రార్థించాడు. తనను కాదని రాజును కోరుకున్న ప్రజల కోసం ప్రార్థన మానడం పాపమనుకున్నాడు సమూయేలు. ఒకరి పేరు రోజూ దేవుడి ముందు ప్రేమతో ఎత్తుతూ, అదే నోటితో బజార్లో అతన్ని తూలనాడటం కష్టం. అసూయ అక్కడే సడలుతుంది.

ఒకే వీధిలో సీఎస్ఐ, బాప్తిస్టు, పెంతెకొస్తు, కథోలిక మందిరాలున్న ఊళ్లు మనవి. క్రీస్తు ప్రేమ విశాలతను పరిశుద్ధులందరితో కలిసి గ్రహించాలన్నాడు పౌలు. కాబట్టి పక్క మందిరానికి వెళ్లే పొరుగింటివాళ్ల పేరు కూడా మీ ప్రార్థనలో చేర్చండి.

చివరగా ఒక్క మాట. పౌలు తన ప్రార్థనలను గుండెల్లో దాచుకోలేదు, ఉత్తరంలో రాసి ఎవరి కోసం అడిగాడో వాళ్లకే పంపాడు. మనమూ అలా చేద్దాం. ఈ వారం ఒక్కరిని పక్కకు పిలిచి, "వదినా, నీ కోసం రోజూ ఇది అడుగుతున్నాను" అని చెప్పండి. తన లోపలి బలం కోసం దేవుడి దగ్గర నిలబడే మనిషి ఒకరున్నారని తెలిస్తే, అప్పు తీరకముందే, జబ్బు తగ్గకముందే ఆమెకు ధైర్యం వస్తుంది.