గుడ్డు, సోయా లేని మయోనైజ్ ఇంట్లోనే

ఆస్పత్రి నుండి ఇంటికి వచ్చిన పిల్లవాడు నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. ఉన్నట్టుండి "బ్రెడ్డు మీద ఆ తెల్ల క్రీమ్ పూసి పెట్టమ్మా" అని అడిగాడు. మీరేం చేస్తారు? పూతలపట్టు నుండి చిత్తూరు వెళ్లినా, తిరుపతి వెళ్లినా దారిలో ఫాస్ట్‌ఫుడ్ బండ్లు ఉంటాయి. అడిగిందే చాలని ఒక పొట్లం కట్టించుకు రావాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

మయోనైజ్‌ను సాధారణంగా పచ్చి గుడ్డు, నూనె కలిపి చేస్తారు. దానిని ఉడికించరు. గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉంటే వేడిలో గంటల తరబడి ఉంచినప్పుడు బాగా పెరుగుతుంది. విరేచనాలు, వాంతులు, జ్వరం వస్తాయి. చిన్నపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు, క్యాన్సర్ మందులు వాడేవారికి ఇది ప్రాణాపాయం కావచ్చు. అందుకే పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుండి, మన పక్కనున్న తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్ 8 నుండి ఏడాదిపాటు నిషేధించాయి.

గుడ్డు లేనిది డబ్బాలో దొరుకుతుంది కదా అంటారా? సోయా పడనివారు మాత్రం డబ్బా వెనుక చదవాలి. సోయా నూనె, సోయా ప్రోటీను వాడి ఉండవచ్చు. 322 అనే అంకె ఉంటే అది లెసిథిన్. చాలాసార్లు దాన్ని సోయా నుండే తీస్తారు. ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన సోయా లేదని కాదు, పాలపొడి లేదని కూడా కాదు.

నీళ్లు, నూనె కలవవు. గుడ్డు సొన ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచుతుంది. శనగలు ఉడికించిన కట్టు కూడా ఆ పని చేస్తుంది. 2014లో ఫ్రాన్సులో ఒకరు ఈ కట్టును గిలకొట్టి నురుగు తెప్పించాక దీని పేరు ప్రపంచమంతా పాకింది. మనమేమో గుగ్గిళ్లు చేసిన ప్రతిసారీ పారబోస్తున్నాం!

కాబూలీ శనగలు ఒక కప్పు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. మూడు కప్పుల మంచినీళ్లు పోసి, ఉప్పు వేయకుండా, కుక్కరులో మెత్తగా ఉడికించండి. శనగలను అందులోనే చల్లారనిచ్చి వడకట్టండి. కట్టు కోడిగుడ్డు తెల్లసొనలా జారుగా ఉండాలి. పలుచగా ఉంటే కాసేపు మరిగించి చల్లార్చండి. నల్ల శనగలతోనూ వస్తుంది, రంగు మాత్రం ముదురుగా ఉంటుంది.

మిక్సీ చట్నీ జారులో మూడు పెద్ద చెంచాల కట్టు, ఒక పెద్ద చెంచా నిమ్మరసం, అర చిన్న చెంచా ఆవపొడి, పావు చెంచా ఉప్పు వేసి తిప్పండి. తరువాత ముప్పావు కప్పు పొద్దుతిరుగుడు నూనెను, మొదట చుక్కలు చుక్కలుగా, తరువాత సన్నటి ధారగా పోస్తూ తిప్పండి. తొందరపడితే విరిగిపోతుంది. విరిగితే పారేయకండి. వేరే జారులో చెంచాడు కట్టు వేసి, విరిగినదాన్ని కొద్దికొద్దిగా కలపండి. గానుగ వేరుశనగ నూనె వాసన మిగతావాటిని మింగేస్తుంది, నాకు నచ్చలేదు.

సోయా పడని కొందరికి శనగలు, వేరుశనగలు కూడా పడవు. అవన్నీ ఒకే జాతి గింజలు. ముందుగా డాక్టరుగారిని అడగండి. చెంచాడు మయోనైజ్‌లో చాలావరకు నూనే ఉంటుంది కనుక గుండెజబ్బు ఉన్నవారు కొద్దిగానే తినాలి. రోగికి ఏ పూటకాపూట చేసి పెట్టండి. మిగిలింది ఇంట్లోవారు ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడుకోవచ్చు. వెల్లుల్లి కలిపితే మాత్రం నిల్వ ఉంచవద్దు.

ఉడికిన శనగలకు తాలింపు వేస్తే సాయంత్రానికి గుగ్గిళ్లు సిద్ధం.