ఆటల పుస్తకము – పనుల పాఠము

ఏ పనినైనను ప్రారంభించుట సులభము. దానిని క్రమము తప్పక నడపి, అనుకొన్న దినమునకు ముగించుట కష్టము. ఆరంభమునందలి ఉత్సాహము నడుమనే చల్లారిపోయి నిలిచిపోయిన కార్యములు ప్రతి ఊరియందును కనబడుచుండును. అందులకు పెక్కుమార్లు కారణము శక్తి చాలకపోవుట కాదు, ఏర్పాటు లేకపోవుట. పనిని ముందుగా లెక్కించి, భాగములుగా విభజించి, ఎవరి భాగమును వారికి ఒప్పగించి, నడుమ నడుమ సరిచూచుకొనుటయే కార్యనిర్వహణము. ఈ విద్యను పెద్ద కర్మాగారములలోనే నేర్వవలెనను నియమము లేదు. ఆటలయందు అభిమానము గలవాడు తన వినోదమునుండియే దీనిని నేర్చుకొనవచ్చును.

హైదరాబాదు నగరమున తార్నాకను ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కలదు. 1918లో స్థాపింపబడిన ఈ విద్యాపీఠమునకు, 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్స్ కళాశాల భవనము కిరీటమువంటిది. ప్రాంగణమునందలి మైదానములలో ఆటలు సాగుచుండగా చూడవచ్చువారు రెండు విధములవారు. కొందరు కేకలువేసి, చప్పట్లుకొట్టి, ఇంటికి పోయి మరచిపోవుదురు. కొందరు మాత్రము చిన్న పుస్తకమొకటి చేత నుంచుకొని, ఏ జట్టు ఏ జట్టుతో ఆడినది, ఎవరు గెలిచిరి, ఎందువలన గెలిచిరి అను సంగతులను వ్రాసికొందురు. ఈ రెండవ తెగవారి వినోదమే ఇచ్చట పాఠము.

తార్నాక పరిసరములలోని 11 జట్లు ఒకే మైదానమున ఫుట్‌బాల్ పోటీలు జరుపదలచినవనుకొందము. పరీక్షలకు మూడు వారములే గడువున్నది. దినమునకు ఒక ఆటకే వీలున్నది. ప్రతి జట్టును తక్కిన జట్లన్నింటితో ఆడవలెనన్నచో 55 ఆటలగును. అవి గడువులో ముగియవు. ఓడిన జట్టు తప్పుకొను పద్ధతియైనచో ఎన్ని ఆటలు? ప్రతి ఆటయందును ఒక జట్టు తప్పుకొనును. తుదకు ఒక్క జట్టే మిగులవలెను. కావున 10 జట్లు ఓడవలెను; అనగా 10 ఆటలు చాలును. మొదటి దశయందు 6 జట్లు 3 ఆటలాడును. తక్కిన 5 జట్లు ఆడకయే రెండవ దశ చేరును. పిమ్మట 4, తరువాత 2, తుదకు 1. మొత్తము 10.

ఇందు గమనింపవలసినవి మూడు కలవు. పని ఎంతయో తెలియక కాలమును నిర్ణయింపరాదు. ఒక దశ ముగియనిదే మరియొక దశ మొదలుకాదు గనుక, మొదటి ఆట ఆలస్యమైనచో తుది ఆటయు ఆలస్యమగును. వాన కురియవచ్చును గనుక కొన్ని దినములను ముందే విడిచి ఉంచవలెను. ఇల్లు కట్టువానికైనను, పాఠశాల వార్షికోత్సవము జరుపువానికైనను ఈ లెక్కయే ఆధారము.

క్రికెట్ అభిమాని వ్రాయు స్కోరు పుస్తకము మరియొక పాఠము చెప్పును. బ్యాట్స్‌మన్‌ల పరుగులకు అదనపు పరుగులను కలిపినచో జట్టు మొత్తము రావలెను. బౌలర్లిచ్చిన పరుగులకు బై, లెగ్ బై పరుగులను కలిపినను ఆ మొత్తమే రావలెను. రెండును కలియనిచో ఎచ్చటనో పొరపాటున్నదన్న మాట. అనుభవము గలవాడు ఆట ముగియువరకు ఆగడు. ప్రతి ఓవరు పూర్తికాగానే సరిచూచుకొనును. ఒక ఓవరులో జరిగిన తప్పును వెదకుట సులభము. దినమంతయు పేరుకొన్న తప్పును వెదకుట దుస్సాధ్యము.

ఈ గుణములన్నియు ఒక్కచోట మూర్తీభవించిన పురుషుడు హైదరాబాదు నగరముననే జన్మించెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, విశ్వవిద్యాలయ జట్టున ఫుట్‌బాల్ ఆడి, ఉపాధ్యాయవృత్తి నవలంబించెను. పాఠశాల ఆయన జీవనము. ఫుట్‌బాల్ ఆయన ప్రాణము. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆయన తన ఆటగాండ్ర బలముతోపాటు బలహీనతను గూడ ఎరిగియుండెను. బలము తక్కువగానున్న కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టి, ఆ లోటును తీర్చుచుండెను.

1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఆయన శిక్షణనిచ్చిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలుల తేడాతో ఓడిపోయెను. ఆ చలిదేశమున మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఈ పరాభవము వృథా కాలేదు. పిమ్మట బూట్లు ధరించుట తప్పనిసరి చేయబడెను. నాలుగేండ్ల తరువాత, 1956లో మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి భారత జట్టు సెమీఫైనల్ చేరెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దశకు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. నాలుగవ స్థానము లభించెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీంను క్యాన్సర్ వ్యాధి పీడించుచుండెను. అయినను జట్టుతో వెళ్లెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి సంభవించెను. తరువాతి ఆటలో థాయిలాండుపై గెలుపు లభించినను, వెనుకవరుసకు మూలస్తంభమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లుపడెను. అతడు విద్యార్థిదశలో ముందువరుసలో ఆడినవాడను సంగతి రహీం ఎరుగును. సెమీఫైనల్‌లో అతనిని ముందువరుసకు మార్చెను. అతడు గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన తుది ఆట మరల దక్షిణ కొరియాతోనే జరిగెను. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ సింగ్ ఒక గోలు చేయగా, భారతదేశము 2–1తో స్వర్ణపతకము గెలుచుకొనెను. గాయపడినవానిని తొలగించుటయే తెలిసినవాడు ఒక మనిషిని పోగొట్టుకొనియుండును. ప్రతివాని సామర్థ్యమును ముందే వ్రాసికొన్నవాడు విజయమును పొందెను.

మరుసటి సంవత్సరము జూన్ 11వ తేదీన రహీం పరమపదించెను. తనకున్న కాలము స్వల్పమని ఎరిగినవాడు దానిని ఎట్లు వినియోగింపవలెనో ఆయన చూపిపోయెను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశమునకు అటువంటి స్వర్ణము మరల లభింపలేదు.

విద్యార్థులు ఆటను చూచి ఆనందించుటలో దోషము లేదు. చూచినదానిని వ్రాసికొని, లెక్కించి, ఆలోచించినచో ఆ ఆనందమే విద్య యగును. పని కొలత, కాలపు హద్దు, మనుష్యుల శక్తి, తప్పుల దిద్దుబాటు – ఈ నాలుగింటిని ఎరిగినవాడు చేపట్టిన కార్యమును నడుమ విడువడు.