ఇంటి వెనుక ట్యాంకు – మన ఆరోగ్యము



ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము 12, 13 వచనాలలో ఇశ్రాయేలీయులకు ఒక చిన్న ఆజ్ఞ కనబడుతుంది. బహిర్భూమికి పాళెము వెలుపల ఒక చోటు ఉండాలి, పనిముట్టుతో గొయ్యి త్రవ్వి మలాన్ని కప్పివేయాలి. సూక్ష్మక్రిముల సంగతి ఎవరికీ తెలియని కాలంలోనే ఆ ప్రజలు ఈ పాఠము నేర్చుకున్నారు. నేడు ఆ గొయ్యి స్థానంలో మన ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు ఉంది. మరుగుదొడ్డి కట్టించుకున్నాము కదా అని నిశ్చింతగా ఉంటాము. కాని ఆ ట్యాంకు నుండి గొట్టం ఎక్కడికి పోతున్నదో మనలో ఎందరు చూశారు?

విరేచనాలు, కలరా, టైఫాయిడ్, కొన్ని రకాల పచ్చకామెర్లు మలం నుండి నీటికి, నీటి నుండి నోటికి చేరే జబ్బులు. హెపటైటిస్-ఇ అనే కామెర్లు గర్భిణీ స్త్రీలకు ప్రాణాపాయం తెస్తాయి. కనుక ఇది మేస్త్రీకి వదిలివేయవలసిన సంగతి కాదు.

ట్యాంకులో ఏమి జరుగుతుంది?

బరువైన మలం అడుగుకు దిగి మడ్డిగా మారుతుంది. నూనె, జిడ్డు పైన తెట్టుగా తేలుతాయి. మధ్యనున్న నీరు బయటకు పోతుంది. గాలి లేని చోట బ్రతికే క్రిములు మడ్డిని కొంత కుళ్లబెట్టి తగ్గిస్తాయి. అయితే బయటకు వచ్చే నీరు శుభ్రమైనది కాదు. చూపుకు తేటగా ఉన్నా అందులో రోగక్రిములు ఉంటాయి. దానిని వీధి కాలువలోకి వదిలితే, మన ఇంటి రోగాన్ని పొరుగువారి గుమ్మం ముందుకు పంపినట్లే.

కట్టించేటప్పుడు చూడవలసినవి

1. గోడలు, అడుగు నీరు కారకుండా సిమెంటు పూత వేయించాలి. అడుగు వదిలేసి కట్టినది సెప్టిక్ ట్యాంకు కాదు, ఉత్త గొయ్యి.

2. మరుగుదొడ్డి నుండి వచ్చే గొట్టం కంటే బయటకు పోయే గొట్టం సుమారు 2 అంగుళాలు క్రిందుగా ఉండాలి. లేకపోతే నీరు వెనక్కి తన్నుతుంది.

3. ఈ రెండు గొట్టాల చివర ‘టీ’ ఆకారపు ముక్క బిగించి, దాని క్రింది కొన నీటిలో మునిగేలా చూడాలి. అప్పుడు తెట్టు కదలదు, బయటకు పోదు. ఈ చిన్న ముక్క మానివేస్తే తెట్టు పోయి ఇంకుడు గుంత పూడుకుపోతుంది.

4. బయటకు పోయే నీరు ఇంకుడు గుంతలోనికి వెళ్లాలి. ఆ గుంత త్రాగునీటి బావికి, బోరుకు కనీసం 60 అడుగుల దూరంలో ఉండాలి. మన బావికే కాదు, పొరుగువారి బావికి కూడా. డెల్టా గ్రామాలలో వానాకాలం నేలలోని నీరు పైకి వస్తుంది గనుక మరింత జాగ్రత్త అవసరం. అంత స్థలం లేనివారు ఆ బావి నీటిని త్రాగకపోవడం మంచిది. తప్పనప్పుడు బాగా మరగకాచి చల్లార్చి త్రాగండి.

5. ట్యాంకులో పుట్టే వాయువు పోవడానికి గాలి గొట్టం ఇంటి కప్పుకంటే 6 అడుగుల ఎత్తుకు లేపి, కొనకు సన్నని దోమల వల కట్టాలి. బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు ఇటువంటి మురికి నీటిలోనే గ్రుడ్లు పెడతాయి. మూతలకు సందులున్నా సిమెంటుతో మూయించండి.

వాడకంలో జాగ్రత్తలు

ఫినాయిలు, యాసిడ్ విస్తారంగా పోస్తే మడ్డిని కుళ్లబెట్టే క్రిములు చస్తాయి. గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, నెలసరి ప్యాడ్లు వేయరాదు. రెండు మూడేళ్లకొకసారి మడ్డి తీయించాలి. పొంగేవరకు ఆగరాదు. తీసిన మడ్డిని పొలంలో, చెరువులో, కాలువలో పోయనివ్వకండి. ఏలికపాముల గ్రుడ్లు అందులో నెలల తరబడి బ్రతికి ఉంటాయి.

ఒక గట్టి హెచ్చరిక

ట్యాంకులోనికి ఏ మనిషినీ దింపకండి. లోపల ప్రాణవాయువు ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కుళ్లిన గ్రుడ్ల వాసన వేస్తుంది, కాని అది ఎక్కువైనప్పుడు ముక్కు వాసనే పట్టలేదు. వాసన లేదు గదా అని దిగినవాడు క్షణాల్లో పడిపోతాడు. అతనిని రక్షించడానికి దిగినవారు కూడా చనిపోతుంటారు. ఎవరైనా పడిపోతే మీరు దిగక, అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 ఫోను చేయండి. మూత దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. అక్కడి మీథేన్ వాయువు అంటుకుంటుంది.

2013 నాటి చట్టం ప్రకారం ఇలా మనుషులను దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టం సంగతి అటుంచి, కూలి కోసం దిగే ఆ సహోదరుడు కూడా దేవుని స్వరూపమందు చేయబడినవాడే. పంచాయతీ లేదా మునిసిపాలిటీ వారిని అడిగి పైపుతో తోడే యంత్రపు బండినే పిలిపించండి.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకొనండి

1. మన ట్యాంకు నీరు ఎక్కడికి పోతున్నది?
2. మనకూ, పొరుగువారికీ ఉన్న బావి లేక బోరు దానికి ఎన్ని అడుగుల దూరంలో ఉంది?
3. గాలి గొట్టానికి వల ఉందా?
4. చివరిసారి మడ్డి ఎప్పుడు తీయించాము?

జవాబు తెలియని ప్రశ్న ఉంటే రేపు ఉదయమే ఇంటి వెనుకకు వెళ్లి చూడండి. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించుట అక్కడ కూడా మొదలవుతుంది. దేవుడు మీ గృహములను ఆరోగ్యముతో దీవించును గాక.