తలతామర – గోటితామర

మానవశరీరంలో కత్తిరించినా నొప్పి తెలియని భాగాలు రెండు: వెంట్రుక, గోరు. ఈ రెండూ కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తుతో నిర్మితమైనవి. ఈ కెరాటిన్‌నే ఆహారంగా చేసుకొని బ్రతికే శిలీంద్రాలు కొన్ని ఉన్నాయి. చర్మంపై అవి కలిగించే వ్యాధినే తెలుగువారు తామర అంటారు. అదే వ్యాధి వెంట్రుకనో, గోటినో ఆశ్రయిస్తే గుర్తించడమూ కష్టమే, వదిలించడమూ కష్టమే.

తలతామర ప్రధానంగా పిల్లలకు సోకుతుంది. దువ్వెనలు, తువాళ్ళు, టోపీలు ఒకరివి ఒకరు వాడుకోవడం వల్లనూ, పిల్లులు, కుక్కల వల్లనూ వ్యాపిస్తుంది. తలపై పొట్టు రేగుతుంది. వెంట్రుకలు కుదురు దగ్గరే విరిగి నల్లని చుక్కల వలె కనిపిస్తాయి. పేనుకొరుకుడులో జుట్టు రాలిన చోటు నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. చుండ్రులో పొట్టు ఉంటుంది కాని వెంట్రుక విరగదు. ఒక్కొక్కప్పుడు తలపై మెత్తని వాపు లేచి చీము కారుతుంది. దానిని సెగగడ్డగా భ్రమించి కోయించరాదు.

కంటిచూపుతో కలిగిన అనుమానాన్ని పరీక్షతో ధ్రువపరచుకోవాలి. గీకి తీసిన పొట్టును, విరిగిన వెంట్రుకలను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే కెరాటిన్ కరిగి, సూక్ష్మదర్శినిలో శిలీంద్రపు పోగులు కనిపిస్తాయి. దాని జాతి తెలియాలంటే వర్ధనం చేయాలి. అందుకు కొన్ని వారాలు పడుతుంది. వుడ్ దీపం కాంతిలో కొన్ని జాతులు సోకిన వెంట్రుకలు ఆకుపచ్చగా మెరుస్తాయి. అయితే భారతదేశంలో తరచుగా కనిపించే ట్రైకోఫైటాన్ వయొలేసియం మెరవదు. కనుక మెరుపు లేనంత మాత్రాన వ్యాధి లేదనుకోరాదు.

ప్రాణం తీయని ఈ వ్యాధికి ఒకప్పుడు జరిగిన చికిత్స ప్రాణాంతకమైంది. 1904లో పారిస్ వైద్యుడు సబురో ఎక్స్‌కిరణాలతో తలవెంట్రుకలన్నీ రాలగొట్టే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అనేక దేశాలు దానిని అనుసరించాయి. ఇజ్రాయెల్‌లో 1948 తరువాత వలస వచ్చిన కుటుంబాల పిల్లలు వేలాదిమంది ఈ చికిత్స పొందారు. వారిలో మెదడు కణితులు, థైరాయిడ్ క్యాన్సర్లు అధికంగా వస్తున్నాయని 1974లో మోడన్ బృందం వెల్లడించింది. బాధితులకు పరిహారమిచ్చే చట్టం 1994లో గాని రాలేదు.

ఆ కిరణాల అవసరాన్ని తొలగించినది ఒక బూజు నుండే లభించిన మందు కావడం విశేషం. 1939లో పెనిసిలియం జాతి బూజు నుండి వేరుచేసిన గ్రిసియోఫుల్విన్, నోటిద్వారా ఇచ్చినప్పుడు గినీపందులలో తామరను మాన్పుతుందని 1958లో జెంటిల్స్ నిరూపించాడు. పైపూత వెంట్రుక కుదురును చేరలేదు. మింగిన మందు కొత్తగా పుట్టే కెరాటిన్‌లో చేరి శిలీంద్రానికి అక్కడ చోటు లేకుండా చేస్తుంది. దీనిని కొవ్వుగల ఆహారంతో ఆరు నుండి ఎనిమిది వారాలు వాడవలసి ఉంటుంది. కొన్ని జాతులకు టెర్బినాఫిన్ మరింత త్వరగా పనిచేస్తుంది.

గోటితామర పెద్దవారి వ్యాధి. గోరు పసుపుబారి, దళసరియై, కొసనుండి పొడిపొడిగా రాలుతుంది. రూపు చెడిన గోళ్ళలో దాదాపు సగమే శిలీంద్రం వల్ల చెడినవి. తక్కినవి సోరియాసిస్, దెబ్బ, బిగుతు చెప్పులు వంటి కారణాల వల్ల చెడినవి. కాబట్టి పరీక్ష లేకుండా వారాల తరబడి మందు మింగడం తగదు. టెర్బినాఫిన్ కాలేయంపై ప్రభావం చూపవచ్చు గనుక ముందు రక్తపరీక్ష చేయిస్తారు. చేతిగోళ్ళకు ఆరు వారాలు, కాలిగోళ్ళకు పన్నెండు వారాలు చికిత్స సాగుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోటి పెరుగుదల అందులో సగమే. అందుచేత మందు పూర్తయిన తరువాత కూడా చెడిన కాలిగోరు పూర్తిగా పోయి కొత్తది రావడానికి ఏడాది నుండి ఏడాదిన్నర పడుతుంది. ఈ సంగతి తెలియక మందు పనిచేయలేదని నిరాశపడేవారు ఎందరో. మధుమేహం గలవారు మాత్రం గోరే కదా అని ఉపేక్షించరాదు. వారి పాదాలకు చిన్న పుండైనా ముప్పే.

దుకాణంలో అడిగి తెచ్చుకొనే స్టెరాయిడ్ కలిసిన లేపనాలు దురదను, ఎరుపును అణచివేస్తాయి. శిలీంద్రం మాత్రం లోలోపల విస్తరిస్తుంది. తామర రూపమే మారిపోయి వైద్యుడు సైతం పోల్చుకోలేని స్థితి వస్తుంది. 2018లో కేంద్రప్రభుత్వం స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీపై మాత్రమే విక్రయించాలని ఆదేశించింది. ఈలోగా టెర్బినాఫిన్‌కు తరచుగా లొంగని కొత్త రకం తామర శిలీంద్రం భారతదేశంలో విస్తరించింది. 2020లో దానికి పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. దానిని ఎదుర్కొనడానికి వైద్యులిప్పుడు ఇట్రాకొనజోల్‌ను ఆశ్రయిస్తున్నారు.