ఖాళీ నేల, కార్డు ముక్క: తొలితరం బతుకుపై యువ పాఠకుల చారిత్రక నవల (అవగాహన)

## ప్రశ్న ఏమడుగుతోంది

"కొత్త నేల మీద కాపురం పెట్టిన తొలితరం మనుషుల బతుకునూ, వాళ్ల ప్రణయాలనూ పెళ్లిళ్లనూ యువ పాఠకులకు చెప్పే చారిత్రక నవల లక్షణాలు వివరించండి." సాహిత్యం పేపర్లో ఇలాంటి ప్రశ్న వస్తే ఒక విద్యార్థి వాల్టర్ స్కాట్‌తో మొదలుపెట్టి కాకతీయుల దాకా పేర్లు పేర్చుకుంటూ పోతాడు. ఇంకొకరు అమెరికా పచ్చికబయళ్ల కథ చెప్పి కలం మూసేస్తారు. రెండు జవాబుల్లోనూ రాసేవాళ్ల సొంత ఊరు కనిపించదు. జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో కూర్చుని తెలుగు చదువుకునే విద్యార్థికైతే ఆ కరువు లేదు. తాత దిగిన రైల్వే స్టేషన్, నాన్న పుట్టిన క్వార్టర్, తాను ఆడుకున్న మైదానం అన్నీ ఈ ప్రశ్నకు జవాబులో భాగమే. ఈ పాఠంలో ప్రక్రియ లక్షణాలనూ ఆ ఊరి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

## నిర్వచనాలు

చారిత్రక నవల అంటే రచయిత తాను బతకని కాలాన్ని ఆధారాలతో మళ్లీ కట్టి, అందులో కల్పిత మనుషుల్ని నడిపించే రచన. స్కాట్ 1814లో అచ్చువేసిన 'వేవర్లీ'కి పెట్టిన ఉపశీర్షికలోనే ఇది అరవై ఏళ్ల నాటి సంగతి అని ఉంది. ఆ లెక్క ఊరికే వేసింది కాదు. అరవై ఏళ్లంటే తాతల జ్ఞాపకానికి ఇంకా అందే దూరం, మనవల అనుభవానికి అందని దూరం. చారిత్రక నవల ఆ సందులో పుడుతుంది. హంగేరీ విమర్శకుడు లూకాచ్ 1937లో వచ్చిన తన గ్రంథంలో స్కాట్ కథానాయకులు మహావీరులు కారనీ, రెండు శక్తుల మధ్య నలిగే మామూలు మనుషులనీ చూపించాడు. పరీక్షలో ఈ మాట తప్పకుండా రాయండి, తొలితరం కథకు ఇదే తాళంచెవి.

తెలుగులో చిలకమర్తి 'హేమలత' 1896 నాటిది. ఆ తర్వాత అడివి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రి వంటివారు రాజ్యాల చుట్టూ, రాజసభల చుట్టూ గొప్ప నవలలు అల్లారు. కోటలో పుట్టిన ప్రేమ మన పాఠకుడికి బాగా తెలుసు. కూలి లైనులో కుదిరిన సంబంధం అంతగా తెలియదు.

'యువ పాఠకుల' అన్న మాటకు సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు అని చెప్పుకోవచ్చు. వయసుకన్నా ముఖ్యమైనది చూపు. కథ పిల్ల కళ్లలోంచి నడవాలి. పెద్దలు దాచినది ఆ పిల్లకు సగమే అర్థమవుతుంది, మిగతా సగం పాఠకుడు పూరించుకుంటాడు.

ఇక 'తొలితరం'. అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక కుటుంబం 160 ఎకరాలు రాయించుకుని, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే ఆ భూమి వాళ్లదయ్యేది. జంషెడ్‌పూర్‌కు వచ్చిన తెలుగువాడికి దొరికింది భూమి కాదు, కొలువు. దాంతోపాటు, అదృష్టం ఉంటే, ఒక క్వార్టర్. కొలువు ఉన్నన్నాళ్లే ఆ ఇల్లు. ఈ తేడా ఒక్కటి రాసినా మీ జవాబు నలుగురి జవాబుల్లోంచి విడిగా నిలబడుతుంది. ఎందుకంటే కథలో భయం ఎక్కడ పుడుతుందో ఇదే నిర్ణయిస్తుంది. అక్కడ భయం మిడతల దండు, మంచు తుఫాను. ఇక్కడ సమ్మె, తొలగింపు, పదవీ విరమణ.

## సాక్చి నుంచి అగ్రికో దాకా

1904 ఫిబ్రవరిలో భూగర్భశాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో ఇనుప ఖనిజం ఉందని జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశాడు. అదే ఏడు మే నెలలో జంషెడ్జీ జర్మనీలో కన్నుమూశారు. కంపెనీ 1907లో ఏర్పడింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో సాక్చి దగ్గర పని మొదలైంది. ఆ చోటే ఎందుకంటే ఖనిజం ఒకవైపు, ఝరియా బొగ్గు మరోవైపు, సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నీళ్లు చెంతనే, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మీద కాళీమాటి స్టేషన్ దగ్గర్లోనే. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె తయారైంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. ఆ రుణం గుర్తుపెట్టుకుని 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

అగ్రికో పేరు ఆ తర్వాతి దశాబ్దానిది. పారలు, గునపాలు, పికాసులు, సుత్తులు తయారుచేసే వ్యవసాయ పనిముట్ల కార్ఖానా నుంచి ఆ పేరు కాలనీకి వచ్చింది. భాలుబాసా, సిద్‌గోడా, గోల్మూరి చుట్టుపక్కల పేర్లు. పొలం వదిలి వచ్చినవాళ్లు, పొలంలో వాడే పార పేరు మీదున్న కాలనీలో కాపురమున్నారు. కథకుడెవరైనా ఈ సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు.

తెలుగువాళ్లు ఎలా వచ్చారు? వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా అదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు అప్పటికే తెలుగువాళ్లతో నిండుతోంది. కళింగాంధ్ర కూలీలకు వలస కొత్త కాదు, రంగం (రంగూన్) వెళ్లే ఓడలు అంతకుముందు నుంచే ఉన్నాయి. అయితే ఓడకూ రైలుకూ కథలో పెద్ద తేడా ఉంది. సముద్రం దాటినవాడు ఏళ్ల తరబడి కనిపించడు. రైలెక్కినవాడు సెలవు దొరికితే సంక్రాంతికో, చెల్లెలి పెళ్లికో దిగుతాడు. అందువల్ల ఊరికీ క్వార్టర్‌కీ మధ్య సంబంధాలు తెగలేదు, పెళ్లిళ్లు ఆ పట్టాల మీదే నడిచాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఇప్పటికీ ఆ తరాల గుర్తుగా నిలిచి ఉంది.

కార్మిక చరిత్రలోంచి రెండు తేదీలు చాలు: ఎనిమిది గంటల పనిదినం 1912 నుంచి, సుదీర్ఘమైన సమ్మె 1928లో. ఆ సమ్మె సమయంలోనే సుభాష్ చంద్రబోస్ లేబర్ అసోసియేషన్ నాయకత్వం తీసుకున్నారు.

## ప్రణయం ఎక్కడ కనిపిస్తుంది

ఈ భాగమే ప్రశ్నకు గుండెకాయ, సగం మార్కులు ఇక్కడే ఉంటాయి.

లారా ఇంగాల్స్ వైల్డర్ 1932 నుంచి 1943 దాకా ఏడు పుస్తకాల్లో తన బాల్యాన్ని నవలలుగా మలిచింది. చివరిదైన 'దీజ్ హ్యాపీ గోల్డెన్ ఇయర్స్'లో లారా ఇంటికి దూరంగా బడిపంతులమ్మగా చేరుతుంది. వారం వారం గడ్డకట్టే చలిలో మంచుబండి కట్టుకుని వచ్చి అల్మాంజో ఆమెను ఇంటికి చేరుస్తాడు. ప్రేమ గురించి వాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. ఆ చలిలో అన్ని మైళ్లు బండి తోలడమే అతను చెప్పదలచిన మాట. పట్రీషియా మక్లాక్లన్ 1985లో రాసిన 'సారా, ప్లెయిన్ అండ్ టాల్' మరో దారి తొక్కింది. భార్య పోయిన రైతు పత్రికలో ప్రకటన వేస్తాడు, సముద్రతీరం నుంచి సారా వస్తుంది. ఆమె ఉండిపోతుందా, వెళ్లిపోతుందా అన్న గుబులంతా పిల్లలది. పెద్దల ప్రణయాన్ని పిల్లల ఆత్రం చేయడం ఆ చిన్న పుస్తకం సాధించిన గొప్ప పని. దానికి 1986లో న్యూబరీ పతకం వచ్చింది.

ఈ రెంటి నుంచి తేలే లక్షణం: తొలితరం కథలో ప్రేమ పనిలో కనిపిస్తుంది. ఎదుటి మనిషి కోసం ఏం మోశారు, ఎంత దూరం నడిచారు, ఏది వదులుకున్నారు అన్నదే ప్రేమభాష.

దాన్ని మన నేల మీదికి ఎలా తెచ్చుకోవాలి? 1920ల నాటి కళింగాంధ్ర పల్లెలో అబ్బాయి, అమ్మాయి బండెక్కి షికారు వెళ్లరు. సంబంధం మేనరికంలో కుదురుతుంది, లేదా మధ్యవర్తి నోట నడుస్తుంది. చాలా కులాల్లో పిల్లవాడి వైపు వాళ్లే ఓలి ఇవ్వాలి. ఆ డబ్బు కూడబెట్టడానికే టాటానగర్ రైలెక్కిన కుర్రాడిని ఊహించండి. ఊళ్లో మేనమామ కూతురు ఉంది. ఇద్దరికీ అక్షరాలు రావు. నెలనెలా మనియార్డరు వస్తుంది, అప్పుడప్పుడూ ఒక కార్డు ముక్క. 1922కు ముందు కార్డు ధర కాని, అంటే అణాలో నాలుగోవంతు. ఆ కార్డును అక్కడ ఒకడు చెప్పి మరొకడితో రాయిస్తాడు. ఇక్కడ దాన్ని చదివి వినిపించేది బడికెళ్లే చిన్న పిల్ల.

ఆ చదివే పిల్లనే కథకురాలిని చేయాలని నా సూచన. వీధిలో అందరి ముందు పైకి చదవాల్సిన కార్డులో ప్రేమ మాటలుండవు. "అత్తా, దండాలు. మావ దగ్గు తగ్గిందా. బావి దగ్గర మెట్టు జారుతుంది, మరదల్ని చూసుకుని నడవమను." ఆ మెట్టు సంగతి అతనికింకా గుర్తుందని పిల్లకు తెలియదు, వింటున్న మరదలికి తెలుసు. యువ పాఠకుడికి ఆ తేడా అందుతుంది. నవలలో ప్రణయమంతా ఆ జారే మెట్టు మీదే నిలబడవచ్చు. ఆ తర్వాత ఒక నాడు పిల్ల ఒక వాక్యం చదవకుండా దాటేస్తుంది, సమ్మె వల్ల మనియార్డరు రాదన్న వాక్యం. కథ అక్కడ మలుపు తిరుగుతుంది.

వయసు విషయంలో నిజాయితీ తప్పకూడదు. బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పద్దెనిమిది కనీస వయసు. అంతకుముందు పెళ్లిళ్లు ఇంకా చిన్న వయసులో జరిగేవి. యువ పాఠకుల నవల దీన్ని మార్చి నాయికకు పద్దెనిమిదేళ్లు పెడితే అబద్ధమవుతుంది, చిన్నపిల్ల పెళ్లిని తియ్యటి ప్రేమకథ చేస్తే అంతకన్నా పెద్ద తప్పవుతుంది. వైల్డర్ కూడా ఇక్కడ తడబడింది. అల్మాంజో ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడు, పుస్తకాల్లో ఆ తేడాను తగ్గించి చూపింది. పెళ్లి సందడిని చూస్తున్న పిల్ల కళ్లలో భయాన్ని కూడా ఉంచితే చాలు, రచయిత వ్యాఖ్యానించనక్కర్లేదు.

## నేల ఖాళీగా లేదు

తొలితరం కథలన్నిటినీ వెంటాడే దోషం ఇది. వైల్డర్ కుటుంబం కాన్సాస్‌లో గుడిసె వేసుకున్నది ఓసేజ్ జాతి భూమిలో. 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయరీ' తొలి ముద్రణలో ఆ ప్రాంతంలో మనుషులే లేరన్న అర్థం వచ్చే వాక్యం ఉండేది, 1953లో అందులో మనుషులు అన్న మాట తీసి వలసదారులు అని మార్చారు. ఆ జాతుల చిత్రణ మీద విమర్శ వల్లే 2018లో అమెరికా బాలసాహిత్య పురస్కారం ఒకదాని నుంచి ఆమె పేరు తొలగించారు.

సాక్చి కూడా అడవి మధ్య ఖాళీ చోటు కాదు. హో, సంతాల్, భూమిజ్ ప్రజల పల్లెలు, పొలాలు, దల్మా కొండల దాకా వాళ్ల దారులు ఉన్నాయి. ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది సరిగ్గా 1908లోనే. ఆదివాసీ భూమిని కాపాడే చట్టమూ, సాక్చిలో తొలి పనీ ఒకే ఏడాదివి. కార్ఖానాలో బరువులు మోసిన ఆదివాసీ స్త్రీలను రెజాలు అనేవారు. తెలుగు వలస మీద నవల రాస్తే తెలుగువాడి కష్టం ఒక్కటే చెప్పి ఊరుకోవడం సరికాదు. తన ఊరు వదిలి వచ్చినవాడికీ, ఊరే తనను వదిలి వెళ్లిపోయినవాడికీ ఒకే గేటు దగ్గర చూపులు కలిసే ఘట్టం ఒక్కటైనా ఉండాలి.

## కాలదోషాన్ని పట్టుకోవడం

బహుళైచ్ఛిక ప్రశ్నలు ఎక్కువగా ఇక్కడినుంచి రావచ్చు. 1915లో జరిగే కథలో పాత్ర "జంషెడ్‌పూర్ వెళ్తున్నా" అంటే తప్పు, సాక్చి అనాలి, కాళీమాటిలో దిగాలి. "అగ్రికోలో క్వార్టర్" అనకూడదు. "మాది శ్రీకాకుళం జిల్లా" కూడా చెల్లదు. ఆ జిల్లా 1950లో ఏర్పడింది, అప్పట్లో చికాకోల్ గంజాం జిల్లాలో ఉండేది, 1936లో ఒరిస్సా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో చేరింది. సాక్చి పని మొదలైన నాటికి సింగ్‌భూమ్ బెంగాల్ కింద ఉంది. 1912లో బిహార్-ఒరిస్సా రాష్ట్రంలోకి, 1936లో బిహార్‌లోకి, 2000 నవంబర్ 15న జార్ఖండ్‌లోకి వచ్చింది. ఒక్క క్వార్టర్ కూడా కదలకుండా కుటుంబం నాలుగు రాష్ట్రాల్లో కాపురం చేసినట్టు. డబ్బు 1957 ఏప్రిల్ దాకా అణాల్లోనే లెక్కించాలి.

## సాధన ప్రశ్నలు

ఒకటి: హోమ్‌స్టెడ్ వలసదారుకూ జంషెడ్‌పూర్ కార్మికుడికీ గల తేడా కథాంశాన్ని ఎలా మారుస్తుంది? (భూమి, కొలువు అన్న రెండు మాటల మీద జవాబు కట్టండి.)

రెండు: పెద్దల ప్రణయాన్ని పిల్ల దృష్టి నుంచి చెప్పడంలో సౌకర్యమేమిటి, పరిమితి ఏమిటి? (మక్లాక్లన్ నవలతో మొదలుపెట్టి కార్డు చదివే పిల్ల దగ్గరికి రండి.)

మూడు: కింది వాక్యంలో కాలదోషాలు గుర్తించండి. "1913లో అతను శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్‌లో దిగి, యాభై పైసలిచ్చి బండి కట్టించుకుని అగ్రికో చేరాడు." నాలుగున్నాయి. నాలుగూ సరిదిద్ది, అదే వాక్యాన్ని అతని మరదలు వినేలా కార్డు ముక్క మీద రాయండి.