పట్టేసిన ఇంజన్ దగ్గర తొందర వద్దు

పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో గురువారం అంగడికి వెళ్లిన మీ అబ్బాయో అమ్మాయో అరచేతిలో ఇమిడే బొమ్మ విమానం ఇంజన్ ఒకటి కొనుక్కొస్తే, ముందు సంతోషించండి. పాత మోటార్లు, పానాలు, రేడియో ముక్కలు కుప్పలుగా పోసే చోట అలాంటి వస్తువును గుర్తుపట్టడం అందరికీ చేతకాదు. డబ్బు తగలేశావని మాత్రం అనకండి.

ఇంటికి తెచ్చి పంకా బిగించి వేలితో తిప్పితే అది కదలకపోవచ్చు. సరిగ్గా అప్పుడే మన చెయ్యి ఊరుకోదు. "ఇటియ్యి, నేను చూస్తా" అని లాక్కుని, షాఫ్టును కటింగ్ ప్లేయర్‌తో పట్టి మెలితిప్పుతాం. దాంతో షాఫ్టు మర పాడవుతుంది, లోపల అగ్గిపుల్లంత కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లేయర్ పక్కన పెట్టి, పిల్లల్ని ఒక్క మాట అడగండి: "ఎక్కడ ఆగుతోంది? అసలు కదలట్లేదా, ఒక్కచోట మాత్రమే బిగుస్తోందా?" జవాబు వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. రోగం ఏమిటో ఆ జవాబును బట్టే తేలుతుంది.

అసలు కదలకపోతే ఎక్కువసార్లు కారణం ఆముదమే. ఈ ఇంజన్లలో చాలావాటికి ఇంధనం మెథనాల్. లోపల భాగాలు అరిగిపోకుండా అందులో ఆముదం కలిపేవారు. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లకూ ఆముదమే పోశారు. మన మహబూబ్‌నగర్, నల్లగొండ చేలల్లో పండే పంటకు విమానాలతో ఇంత చుట్టరికం ఉందని చెప్పండి, పిల్లలకు ఆసక్తిగా ఉంటుంది. ఇంజన్‌ను ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే ఆ నూనె బంకలా గట్టిపడి పిస్టన్‌ను పట్టేస్తుంది. ఇంజన్ చెడిపోయినట్టు కాదు, అతుక్కుపోయిందంతే.

పట్టేసిందనగానే మనకు కిరోసిన్ గుర్తొస్తుంది. కానీ ఆముదం కిరోసిన్‌లో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ముందు పైనున్న ప్లగ్ విప్పించండి. ఆ రంధ్రంలోంచి, పొగ పోయే దారిలోంచి కొన్ని చుక్కలు వేసి రాత్రంతా వదిలేయమనండి. ఈ ఆల్కహాల్ కూడా మండేదే, కాబట్టి ఇంజన్‌ను బాగా ఆరనిచ్చి, గాలాడే చోట హెయిర్ డ్రయర్‌తో వేడి చెయ్యాలి. గ్యాస్ పొయ్యి మీద మాత్రం వద్దు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక గుడ్డతో పట్టుకుని పంకాను అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. ఒకసారికి రాకపోతే మళ్లీ చుక్కలు, మళ్లీ ఎదురుచూపు. ఈ పనిలో కష్టమంతా పెద్దలదే, పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలి కాబట్టి.

పిస్టన్ పైకి చేరినప్పుడు మాత్రమే బిగుస్తే అది జబ్బు కాకపోవచ్చు. కొన్ని రకాల్లో సిలిండర్ పై భాగాన్ని కావాలనే బిగుతుగా చేస్తారు, వేడెక్కితే సర్దుకుంటుంది. లోపల ఇంధనం ఎక్కువై నిండినా అక్కడే ఆగుతుంది. ద్రవం అణగదు కదా. ప్లగ్ తీసి తిప్పితే బయటికి చిమ్మేస్తుంది. ఇలా నిండినప్పుడు స్టార్టర్ మోటార్ పెట్టారో, రాడ్ పోయినట్టే. ఒకప్పుడు కలకత్తాలో తయారైన అరోరా లాంటి డీజిల్ రకమైతే దానికి ప్లగ్గే ఉండదు. తల మీది మరను కొంచెం వదులు చేస్తే తేలిగ్గా తిరుగుతుంది. తిరుగుతూ గరగరమంటే బేరింగులు తుప్పు పట్టాయని అర్థం. మెథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, తుప్పుకు అదే మూలం. అప్పుడు బేరింగులు మార్చేదాకా నడపకూడదు.

కొన్ని విషయాల్లో మాత్రం మెత్తబడకండి. మెథనాల్ విషం. కొద్దిగా తాగినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పొయ్యకండి, తాళం పెట్టండి. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు. ఇంజన్ నడిపే రోజు దాన్ని బల్లకు గట్టిగా బిగించి, పంకాను వేలితో కాకుండా కర్రతో తిప్పాలి. పంకాకు ఎదురుగా గానీ పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. పెద్దవాళ్లు లేకుండా ఆ పని మొదలుపెట్టనే కూడదు.

ఎగరేసే ముచ్చట అప్పుడే తీరదు. ధూల్‌పేట సందుల్లో, డాబాల మీద ఆ చప్పుడూ ఆ పంకా కుదరవు. పెద్ద మైదానం కావాలి. 2021 డ్రోన్ నియమాల్లో సరదాగా ఎగరేసే మోడల్ విమానాల ప్రస్తావన కూడా ఉంది. ఎక్కడ ఎగరేయవచ్చో డిజిటల్ స్కై పటంలో మీరూ పిల్లలూ కలిసి చూడండి. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే అక్కడ ఏరోమోడలింగ్ నేర్పుతారేమో కనుక్కోండి.

నడిపిన ప్రతిసారీ ట్యాంకు తీసేసి, లోపల మిగిలిన ఇంధనం అయిపోయేదాకా ఇంజన్‌ను ఆడనివ్వాలి. తర్వాత రెండు చుక్కల మెషీన్ ఆయిల్ వేసి, పంకాను చేత్తో కొన్ని చుట్లు తిప్పి, గుడ్డలో చుట్టి పెట్టాలి. పాత యజమాని ఈ పని చెయ్యకపోవడం వల్లే బహుశా ఆ ఇంజన్ పట్టేసి అంగడికి చేరింది. ఈ నూనె వేసి చుట్టిపెట్టే పని మీరు చెయ్యకండి, పిల్లలతోనే చేయించండి.