మొబైల్ ద్వారా ఉచిత మార్కెట్ ధరల సమాచారం: కర్నూలు, కడప రైతులకు ఉపయోగం, పరిమితులు

సారాంశం

వ్యవసాయోత్పత్తుల మార్కెట్ ధరలు నేడు దాదాపు ఖర్చు లేకుండా మొబైల్ ఫోనులో లభిస్తున్నవి. ఆ సమాచారం రైతుకు ఎంత మేలు చేయునన్నది పంట నిల్వ స్వభావం, సమాచారం అందే సమయం, రైతు వేచి ఉండగల ఆర్థిక శక్తి అనే మూడు అంశాలపై ఆధారపడి ఉన్నది. యార్డు ధరకు బదులు నికర ధరను, కోతకు ముందుగానే రైతుకు తెలియజేయవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఉపోద్ఘాతం

2000 సంవత్సరంలో ప్రారంభమైన అగ్‌మార్క్‌నెట్, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ ద్వారా యార్డు ధరలను ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చును. ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా అందించే ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ వంటి పద్ధతి అనేక వర్ధమాన దేశాలలో అమలైనది. వెబ్‌సైటును బట్టి వేర్వేరు డేటా రుసుములు విధించడాన్ని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించడంతో మన దేశంలో అది నిలిచిపోయినది. అదే ఏడాది సెప్టెంబరులో జియో ప్రవేశించిన తరువాత డేటా ధరలే బాగా తగ్గినవి. అయినను పత్తికొండ ప్రాంతంలో టమాటాను పారబోయడం, కర్నూలులో ఉల్లి రైతు కోత కూలి కూడా రాక నష్టపోవడం పునరావృతమవుతూనే ఉన్నవి. దీనికి కారణమేమిటి?

పూర్వ పరిశోధనలు

కేరళ మత్స్యకారులపై రాబర్ట్ జెన్సన్ అధ్యయనం 2007లో వెలువడినది. మొబైల్ ఫోన్లు వచ్చిన తరువాత రేవుల మధ్య ధరల వ్యత్యాసం తగ్గినది. అమ్ముడుపోక వృథా అయ్యే చేపలు దాదాపు లేకుండా పోయినవి. మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరుగగా, వినియోగదారుని ధర 4 శాతం తగ్గినది. దీనికి భిన్నంగా, మహారాష్ట్రలోని 100 గ్రామాలలో ఫాఫ్‌షాంప్స్, మింటెన్ జరిపిన ప్రయోగంలో (2012) ఎస్ఎంఎస్ ద్వారా ధరలు పంపినప్పటికీ రైతులు పొందిన ధరలో చెప్పుకోదగిన పెరుగుదల కనిపించలేదు. ఆ ప్రయోగంలోని పంటలలో ఉల్లి, టమాటా కూడా ఉన్నవి.

ఈ తేడాను అర్థం చేసుకొనడం కష్టం కాదు. పడవలో చేపలున్న మత్స్యకారుడు సముద్రంపై నుండే రేవును మార్చుకోగలడు. పెట్టుబడికి కమీషన్ ఏజెంటు వద్ద అప్పు తీసుకున్న రైతు మార్కెట్‌ను అంత సులభంగా మార్చుకోలేడు.

యార్డు ధర – నికర ధర

అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు అమ్ముడైన ‘మోడల్’ ధర కూడా ఉండును. రైతు దృష్టి సహజంగా గరిష్ఠ ధరపై నిలుచును. అతని సరుకు నాణ్యత మాత్రం వేరొక శ్రేణికి చెందవచ్చును.

ఒక ఊహాత్మక లెక్కను పరిశీలిద్దాం. ఉల్లి క్వింటాలు ధర స్థానిక యార్డులో రూ.1,000, దూరపు మార్కెట్‌లో రూ.1,250 అనుకుందాం. స్థానికంగా రవాణా రూ.40, హమాలీ రూ.30, 4 శాతం కమీషన్ రూ.40 పోగా రైతుకు మిగిలేది రూ.890. దూరపు మార్కెట్‌లో 4 శాతం తరుగు రూ.50, మిగిలిన రూ.1,200పై 4 శాతం కమీషన్ రూ.48, రవాణా రూ.180, హమాలీ రూ.40 పోగా మిగిలేది రూ.932. ఫోనులో రూ.250గా కనిపించిన తేడా చేతికి వచ్చేసరికి రూ.42 మాత్రమే. లారీ చేరేలోగా అక్కడి ధర రూ.50 తగ్గినచో నికర ధర సుమారు రూ.886కు పడిపోయి, స్థానికంగా అమ్మడమే మేలని తేలును.

పంటల వారీగా సమాచార విలువ

టమాటా: రంగు తిరిగే దశలో కోసిన కాయ దూర ప్రయాణాన్ని తట్టుకొనును, పూర్తిగా పండిన కాయను వెంటనే దగ్గరలోనే అమ్మవలెను. అనగా ఏ మార్కెట్‌కు పంపాలో కోతకు ముందే నిర్ణయించుకొనవలెను. కోసిన తరువాత అందిన ధర వలన ప్రయోజనం స్వల్పం.

ఉల్లి: ఖరీఫ్ ఉల్లికి నిల్వ గుణం తక్కువ. కోత ఒకేసారి వచ్చుటచే అన్ని యార్డులలోనూ ధర కలిసి పడిపోవును. 2025లో ధర పతనమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు రూ.1,200 చొప్పున కొనుగోలు చేయవలసి వచ్చినది. అటువంటి సమయంలో ధర తెలిసినా రైతుకు వేరే దారి ఉండదు. ఉల్లి రైతుకు సమాచారం విత్తే ముందే, విస్తీర్ణం అంచనాలతో సహా అందవలెను.

పసుపు, వేరుశనగ: బాగా ఆరబెట్టిన కడప పసుపును, వేరుశనగ కాయను కొన్ని నెలలు నిల్వ చేయవచ్చును. ధరల సరళి వలన అధిక ప్రయోజనం పొందగలిగేది ఈ రైతులే. అయితే నిల్వ కాలంలో ఇంటి ఖర్చుకు, అప్పు వడ్డీకి ఆధారం ఉండవలెను. గోదాము రసీదుపై రుణం ఇందుకు తోడ్పడును.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. గరిష్ఠ ధరను మాత్రమే పంపరాదు. మోడల్ ధర, తేదీ, నాణ్యతా శ్రేణి తప్పక పేర్కొనవలెను.
2. మండలం వారీగా రవాణా, హమాలీ, తరుగు లెక్కగట్టి నికర ధరను తెలియజేయవలెను.
3. టమాటాకు కోతకు 2, 3 రోజుల ముందు, ఉల్లికి విత్తే ముందు, పసుపునకు నిల్వ కాలమంతా సమాచారం అందవలెను.
4. స్మార్ట్‌ఫోను లేని వారికి, చదువురాని వారికి వాయిస్ సందేశాలు పంపవలెను. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551ను గ్రామాలలో ప్రచారం చేయవలెను.
5. చిన్న రైతులు కలిసి ఒకే లారీలో సరుకు పంపేలా ఉత్పత్తిదారుల సంఘాలను ప్రోత్సహించవలెను. రవాణా ఖర్చు తగ్గినప్పుడే దూరపు ధర అక్కరకు వచ్చును.

ముగింపు

ఉచిత ఇంటర్నెట్ ధరను రైతు చేతికి చేర్చినది. ఆ ధరను బట్టి నిర్ణయం తీసుకొనే వెసులుబాటు మాత్రం కోత దశ, నిల్వ వసతి, రవాణా, రుణ స్వేచ్ఛ వలన కలుగును. వర్షాధార రాయలసీమలో ఒక పంట నష్టం మరుసటి సంవత్సరపు పెట్టుబడినే హరించును. కాబట్టి ధరల సందేశాన్ని సాగు సలహా నుండి వేరు చేయక, రెండింటినీ కలిపి రైతుకు అందించుట విస్తరణ విభాగపు బాధ్యత. విద్యార్థులు తమ గ్రామ అనుభవ శిక్షణలో ఒక్కొక్క పంటకు నికర ధర పట్టికను రైతులతో కలిసి తయారు చేసినచో, అది ఉపయుక్తమైన పరిశోధనకు నాంది కాగలదు.